జంతువుల శాస్త్రీయ నామాల్లో మనుషుల పేర్లు: పాతవి చెరపడం కన్నా కొత్తవి ఎవరికి ఇస్తున్నామన్నది ముఖ్యం

సంపాదక మహాశయులకు,

నమస్కారం.

జంతుజాతులకు ప్రకృతి పరిశోధకుల పేర్లు పెట్టే ఆచారాన్ని ఇక మానుకోవాలని, ఇప్పటికే పెట్టినవాటిని సైతం మార్చాలని కోరుతూ మీ పత్రిక విజ్ఞాన పుటలో వెలువడిన వ్యాసాన్నీ, దానిని సమర్థిస్తూనో ఖండిస్తూనో పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. చర్చ అవసరమైనదే. అయితే వ్యాసకర్తా, ఆయనతో విభేదించినవారూ కూడా జంతువుకు వాడుకలో ఉన్న ఇంగ్లీషు పేరునూ, దాని శాస్త్రీయ నామాన్నీ, ఆ నామం పక్కన అచ్చయ్యే శాస్త్రవేత్త పేరునూ ఒకే గాటన కట్టారు. వీటిని విడదీసి చూడకపోతే ఎవరిని గౌరవించామో, ఎవరిని మరచామో తేల్చడం సాధ్యం కాదు. చాలాకాలం జంతుశాస్త్రం బోధించినవాడిగా నా అభిప్రాయాన్ని కొంత వివరంగానే రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

కలివికోడి సంగతే చూద్దాం. ఇంగ్లీషులో దాన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. థామస్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ పక్షులను, పాములను, చీమలను అధ్యయనం చేసినవాడు. అయితే ఈ పక్షిని 1848లో శాస్త్రలోకానికి వర్ణించినది ఆయన కాదు, కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూస్తున్న ఎడ్వర్డ్ బ్లైత్. బ్లైత్ ఇచ్చిన జాతి నామం, అంటే శాస్త్రీయ నామంలోని రెండో మాట, ‘బైటార్క్వేటస్’. దాని అర్థం మెడ కింద రెండు పట్టీలు కలది. కాబట్టి ఆ పక్షి శాస్త్రీయ నామంలోంచి జెర్డాన్‌ను తీసివేయాలని కోరేవారు, అందులో లేని మనిషిని తీసివేయమంటున్నారన్నమాట. దీనికి భిన్నంగా, ఎర మీదికి ఎగిరి దూకే ఒక చీమ మన దేశంలో ఉంది. దాని శాస్త్రీయ నామం హార్పెగ్నథోస్ సాల్టేటర్. ఆ పేరు పక్కన పుస్తకాల్లో ‘జెర్డాన్, 1851’ అని కనిపిస్తుంది. అది ఆయనకు చేసిన సన్మానం కాదు. ఆ చీమను ఫలానా సంవత్సరంలో వర్ణించినవాడు ఆయనేననీ, సందేహం వస్తే ఆ వర్ణనను వెతికి చూసుకోవచ్చుననీ చెప్పే ఆచూకీ మాత్రమే. అసలైన సన్మానం అవిసెడా జెర్డోనీ అనే డేగలోనూ, క్లోరాప్సిస్ జెర్డోనీ అనే ఆకుపచ్చ పిట్టలోనూ ఉంది. ఆ రెండు పేర్లూ బ్లైత్ పెట్టినవే. ఒకే మనిషి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా పనిచేస్తున్నప్పుడు, ‘జెర్డాన్ పేరు తీసివేయాలి’ అనే ఒక్క వాక్యానికి అర్థం ఉండదు.

జంతువుల శాస్త్రీయ నామాలకు చట్టం వంటిది అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి. 1895లో ఏర్పడిన అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ దానికి సంరక్షకురాలు. ఇప్పుడు అమలులో ఉన్నది 1999లో ప్రచురితమై 2000 జనవరి 1 నుంచి వర్తిస్తున్న నాలుగో కూర్పు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ రాసిన ‘సిస్టమా నేచురే’ పదో కూర్పు వెలువడిన 1758 సంవత్సరాన్ని ఈ వ్యవస్థ తన ఆరంభంగా లెక్కిస్తుంది. వ్యక్తి పేరును జాతి నామంగా మలచేటప్పుడు లాటిన్ షష్ఠీ విభక్తి వాడతారు. పురుషుడైతే పేరు చివర ‘ఇ’, స్త్రీ అయితే ‘ఏ’, పురుషులు గానీ స్త్రీపురుషులు కలిసిన బృందం గానీ అయితే ‘ఓరమ్’, స్త్రీల బృందమైతే ‘ఆరమ్’ చేరుతుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఒక పెద్ద బల్లి పేరు సాల్వేటర్ మెరియానే. కీటకాల రూపాంతరాలను సురినామ్ వరకు వెళ్లి చిత్రించిన మరియా సిబిల్లా మెరియన్ పేరు అది. ఇటువంటి ‘ఏ’ అంతంగల పేర్లు ‘ఇ’ అంతంగల పేర్లకన్నా ఎంత తక్కువో ఏ పక్షుల జాబితా తిరగవేసినా తెలుస్తుంది.

శాస్త్రవేత్త ఏ జాతికైనా తన పేరే పెట్టుకోకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. అలా చేస్తే తోటివారు నవ్వుతారన్న భయమే ఇన్నేళ్లుగా ఆ పని చేస్తున్నది. ఎవరినైనా నొప్పించగలదని తెలిసిన పేరును ప్రతిపాదించవద్దని నియమావళికి అనుబంధంగా ఉన్న నైతిక సూత్రాలు చెబుతాయి గానీ, అవి సలహాలే తప్ప పాటించకపోతే పేరు రద్దయ్యే నిబంధనలు కావు. పేరు జంతువుకు తగినదా కాదా అన్న విచారణ కూడా నియమావళికి లేదు. ముందుగా ఎవరు సరైన పద్ధతిలో ప్రచురించారన్నదే అది ప్రధానంగా చూసేది.

ఈ ప్రాథమ్య సూత్రం ఎంతటివారినీ లెక్కచేయదు. దక్షిణ అమెరికా దక్షిణ భాగంలో తిరిగే చిన్న రకం రియా అనే ఎగరలేని పక్షి కోసం చార్లెస్ డార్విన్ ఎంతో వెతికాడు. చివరికి అది దొరికిన సంగతి, తోటివారు దాన్ని కాల్చి వండుకుని తిన్న తరువాత గాని ఆయనకు తట్టలేదు. తల, మెడ, కాళ్లు, రెక్కలు మిగిలి ఉంటే వాటినే భద్రపరచి ఇంగ్లండుకు పంపాడు. పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ 1837లో వాటిని పరిశీలించి ఆ పక్షికి రియా డార్వినీ అని పేరు పెట్టాడు. కానీ ఫ్రెంచి పరిశోధకుడు డోర్బిన్యీ అదే పక్షికి 1834లోనే రియా పెన్నాటా అన్న పేరు ప్రచురించి ఉన్నాడు. నేటికీ శాస్త్రీయ నామం పెన్నాటాయే. ఇంగ్లీషు వాడుకలో మాత్రం అది డార్విన్స్ రియాగా మిగిలింది. గౌరవం ఎంత పెద్దదైనా, తేదీ ముందు అది నిలవలేదు.

పేర్ల స్థిరత్వం అన్న వాదనను పాత పేర్లు ఉంచాలనేవారు తరచు వాడుతున్నారు, అయితే సగమే చెబుతున్నారు. శాస్త్రీయ నామాలు ఎన్నడూ మారవన్నది నిజం కాదు. మన పేర్లలో ఇంటిపేరు ముందూ సొంత పేరు తరువాతా వచ్చినట్లే, శాస్త్రీయ నామంలో ప్రజాతి (దగ్గరి బంధుత్వం ఉన్న జాతుల సమూహం) ముందు, జాతి తరువాత వస్తాయి. పరిశోధన పెరిగేకొద్దీ జంతువు ఒక ప్రజాతి నుంచి మరొక ప్రజాతికి మారుతుంది, దానితో మొదటి మాట మారుతుంది. రెండో మాట మాత్రం నిలుస్తుంది. ఆ రెండో మాట విశేషణమైతే కొత్త ప్రజాతి లింగాన్ని బట్టి దాని అంతం కూడా మారవచ్చు. షష్ఠీ విభక్తిలో ఉన్న మనిషి పేరుకు ఆ బాధ కూడా లేదు. ఒకాపి అనే ఆఫ్రికా అడవి జంతువు చరిత్ర దీనికి చక్కటి నిదర్శనం. ఉగాండాలో బ్రిటిష్ పాలనాధికారిగా ఉన్న హ్యారీ జాన్‌స్టన్, కాంగో అడవుల్లోని స్థానికుల వద్ద దొరికిన చర్మపు పట్టీలను లండన్‌కు పంపాడు. వాటి చారలను చూసి అది గుర్రాల కుటుంబానికి చెందినదనుకుని జంతుశాస్త్రవేత్త స్క్లేటర్ 1901లో ఈక్వస్ జాన్‌స్టోనీ అని నామకరణం చేశాడు. తరువాత పుర్రె, పూర్తి చర్మం అందాక అది జిరాఫీకి బంధువని తేలి, లాంకెస్టర్ దానికి ఒకాపియా అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచాడు. పుంలింగమైన ఈక్వస్ నుంచి స్త్రీలింగమైన ఒకాపియాకు మారినా జాన్‌స్టోనీ చెక్కుచెదరలేదు. ప్రజాతి మారిందని తెలిపేందుకే నేడు స్క్లేటర్ పేరును కుండలీకరణల్లో వేస్తారు. ఆ ప్రజాతి నామం అడవిలో ఆ జంతువును ఎరిగినవారు పలికిన మాట. జాతి నామం దాని తోలు పంపిన అధికారిది. ఒకే పేరులో ఇద్దరూ ఉన్నారు, కానీ మొదటివారిలో ఎవరి వ్యక్తిగత నామమూ మనకు చేరలేదు.

రక్తపింజరి విషయం మనకు మరింత దగ్గరిది. ఈస్టిండియా కంపెనీ కొలువులో కోరమాండల్ తీరాన పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఇక్కడి పాములను సేకరించి, వర్ణించి, బొమ్మలతో 1796లో ఒక గ్రంథం ప్రచురించాడు. స్థానికులు చెప్పిన పేర్లను ఆయన చెవికి వినబడినట్లు రాసుకున్నాడు. రక్తపింజరికి ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. మరుసటి ఏడాది, 1797లో, జార్జ్ షా ఆ పాముకు రస్సెల్ గౌరవార్థం కోలుబర్ రస్సెలీ అన్న శాస్త్రీయ నామం ఇచ్చాడు. తరువాత అది చాలాకాలం వైపరా ప్రజాతిలో ఉండి, ఇప్పుడు డబోయాలో ఉంది. రస్సెల్ ఇంటిపేరులో లాటిన్ లిపిలో ‘ఎల్’ అక్షరం రెండుసార్లు వస్తుంది. షా అచ్చులో మాత్రం ఒక్కసారే ఉంది. మొదటి అచ్చుకే నియమావళి విలువ ఇస్తుంది గనుక నేటికీ ఎక్కువమంది ఒక ‘ఎల్’తోనే రాస్తున్నారు. గౌరవించదలచిన మనిషి పేరులోని అక్షరం జారిపోయినా సరిదిద్దరాని ఈ పట్టుదల బయటివారికి వింతగా తోచవచ్చు. రెండు వందల ఏళ్లకు పైగా ఈ పాము విషం మీద, కాటు చికిత్స మీద వచ్చిన వైద్య సాహిత్యమంతా ఆ ఒక్క మాటను పట్టుకునే ఒకదానికొకటి ముడిపడి ఉంది. భారతదేశంలో వాడే విషవిరుగుడు మందు ప్రధానంగా ఏ నాలుగు పాముల కోసం తయారవుతుందో వాటిలో ఇది ఒకటి. 2007లో ఆగ్నేయ, తూర్పు ఆసియా దేశాల రక్తపింజరిని ప్రత్యేక జాతిగా విడదీసినప్పుడు, ఏ ప్రాంతపు పాముకు రస్సెలీ అన్న పేరు మిగలాలన్నది వైద్యులకు కూడా పనికివచ్చే ప్రశ్న అయింది. అటువంటి పేరును మనోభావాల కారణంగా కదపడానికి నేను సమ్మతించను.

స్థానిక భాషల పేర్లనే శాస్త్రీయ నామాలుగా తీసుకోవాలన్న సూచన కొన్ని ఉత్తరాల్లో ఉంది. అది కొత్తదేమీ కాదు. కట్లపాముల ప్రజాతి నామమైన బుంగారస్, రస్సెల్ ‘బుంగారుమ్ పామ’ అని రాసుకున్న మన బంగారు మాటనుంచి వచ్చిందే. దాన్ని 1803లో డోడిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త స్థిరపరిచాడు. టాంజానియా కొండల్లో 2005లో వర్ణించిన కోతికి అక్కడివారు పిలిచే కిపుంజి అన్న పేరే జాతి నామమైంది. ఇవి మంచి పేర్లు. కానీ ఒక జంతువు అనేక దేశాల్లో, అనేక భాషల మధ్య బతుకుతున్నప్పుడు వాటిలో ఒక భాషనే ఎంచుకోవడం కూడా పక్షపాతమే అవుతుంది. బర్మాలో, మలయాలో బంగారు మాట లాటిన్ మాటంత పరాయిదే.

వర్ణనాత్మక నామాలైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు, పైగా సమాచారం కూడా అందుతుందని మరికొందరు అన్నారు. వారు పారడైసియా అపోడా అనే స్వర్గపక్షి చరిత్ర చదవాలి. యూరప్‌కు చేరిన ఆ పక్షుల చర్మాలకు వ్యాపారులు కాళ్లు ముందే తీసివేసేవారు, అందువల్ల 1758లో లినేయస్ ఆ పక్షికి ‘కాళ్లు లేనిది’ అన్న అర్థంతో పేరు స్థిరపరిచాడు. దానికి కాళ్లు గట్టిగానే ఉన్నాయి. పెద్దగా నవ్వినట్లు కూసే ఆస్ట్రేలియా పక్షి కూకబర్రా శాస్త్రీయ నామంలో న్యూగినీ ఉంది, ఆ పక్షి న్యూగినీలో ఉండదు. వర్ణనలు, ప్రదేశాలు అబద్ధమైనంత సులువుగా మనిషి పేరు అబద్ధం కాదు, ఎందుకంటే అది జంతువు గురించి ఏమీ చెప్పదు. అది పేరు మాత్రమే. ఆ శూన్యత లోపమని కొందరంటారు. నామకరణ దృష్టితో చూస్తే నాకది సుగుణంగానే కనిపిస్తుంది.

మార్పు కోరేవారి వాదనలో బలం లేదని నేను అనడం లేదు. 2020లో అమెరికన్ పక్షిశాస్త్ర సంఘం మెక్‌కౌన్స్ లాంగ్‌స్పర్ అన్న చిన్న పక్షి ఇంగ్లీషు పేరును ‘మందపు ముక్కు లాంగ్‌స్పర్’ అన్న అర్థం వచ్చేలా మార్చింది. జాన్ మెక్‌కౌన్ ఆ పక్షిని 1851 నాటికి టెక్సస్‌లో సేకరించిన సైనికాధికారి. తరువాత అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోజూసిన దక్షిణ పక్షానికి సేనాని అయ్యాడు. 2023 నవంబరు 1న అదే సంఘం, తన పరిధిలోని పక్షులకు మనుషుల పేర్ల మీదుగా ఉన్న ఇంగ్లీషు పేర్లన్నిటినీ క్రమంగా మార్చుతామని, మొదట 70 నుంచి 80 జాతులతో ప్రారంభిస్తామని ప్రకటించింది. ఈ వార్తను ‘శాస్త్రీయ నామాలు మారుతున్నాయి’ అని రాసినవారు ఉన్నారు. లాంగ్‌స్పర్ శాస్త్రీయ నామంలో మెక్‌కౌనీ ఈనాటికీ అలాగే ఉంది. ఇంగ్లీషు పేరు ఆ భాష మాట్లాడేవారి ఇష్టం, వారి సంఘాలు చర్చించి మార్చుకోవచ్చు. అందులో మనకు అభ్యంతరం దేనికి? కలివికోడిని కలివికోడి అనడానికి మనం ఎవరి అనుమతీ అడగలేదు కదా.

శాస్త్రీయ నామాల విషయంలో అందరూ చూపించే ఉదాహరణ స్లొవేనియా గుహల్లోని కళ్లులేని ఒక చిన్న పెంకుపురుగు. దానికి 1937లో ఒక ఔత్సాహికుడు నాటి జర్మనీ నియంత పేరు పెట్టి అనాఫ్తాల్మస్ హిట్లెరీ అన్నాడు. ఆ నియంత జ్ఞాపికలు పోగుచేసేవారు ఆ పురుగు కోసం ఎగబడడంతో పేరే దాని ప్రాణం మీదికి వచ్చింది. అటువంటి పేరును కూడా ఎందుకు రద్దు చేయరన్న ప్రశ్న సహజమైనదే. అయినా 2023 జనవరిలో కమిషన్ సభ్యులు తమ వైఖరిని ప్రచురిస్తూ, నైతిక కారణాలతో పేర్లను మార్చే బాధ్యతను తాము తీసుకోలేమని, అది నామకరణ స్థిరత్వాన్ని దెబ్బతీస్తుందని చెప్పారు. అదే సంవత్సరం మరో పరిశోధక బృందం, 21వ శతాబ్దపు జీవ నామకరణంలో వ్యక్తుల పేర్లకు చోటే లేదని వాదించింది. వృక్షాల నియమావళి వేరు కాబట్టి అక్కడ మరోలా జరిగింది. 2024 జులైలో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ, దక్షిణ ఆఫ్రికాలో నల్లజాతివారిని దూషించే మాట నుంచి వచ్చిన ‘కాఫ్రా’ అన్న పదం ఉన్న 200కు పైగా నామాలను ‘ఆఫ్రా’గా సవరించాలని తీర్మానించింది. అక్కడ తొలగించినది ఒక జాతిని అవమానించే దూషణనే, ఎవరో ఒకరికి ఇచ్చిన గౌరవాన్ని కాదు. దూషణపదాల విషయంలో జంతు నామకరణ కమిషన్ కూడా ఒక దారి వెతకవలసి ఉంటుందని నా అభిప్రాయం. హిట్లర్ పేరు వంటివి కొన్ని ఉన్నాయి, వాటికోసం నియమాలను పక్కనపెట్టగల తన ప్రత్యేక అధికారాన్ని కమిషన్ ఉపయోగించడం అసాధ్యమేమీ కాదు. అయితే ప్రతి సేకర్త జీవిత చరిత్రనూ విచారించి తీర్పు చెప్పే న్యాయస్థానంగా కమిషన్ మారితే, నమూనాలను పరిశీలించవలసినవారు ఉత్తరాలూ వీలునామాలూ చదువుతూ కూర్చుంటారు.

నాకు అసలు బాధ కలిగించేది పాత పేర్లలో ఉన్నవారు కాదు, లేనివారు. 1858లో నేటి ఇండోనేషియాలోని బచాన్ ద్వీపంలో ప్రకృతి పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ వద్ద పనిచేస్తున్న అలీ అనే సరావాక్ యువకుడు అడవి నుంచి తిరిగివస్తూ నడుముకు కొన్ని పక్షులను కట్టుకుని వచ్చాడు. వాటిలో ఒకటి విచిత్రంగా ఉందని వాలెస్‌కు చూపించినది అతనే. రొమ్ముమీద మెరిసే ఆకుపచ్చ ఈకలు, భుజాలనుంచి పొడుచుకువచ్చిన తెల్లటి పొడవాటి ఈకలు గల ఆ స్వర్గపక్షికి మరుసటి ఏడాది బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ గ్రే వాలెసీ అని జాతి నామం ఇచ్చాడు. వాలెస్ తన రచనల్లో అలీ సాయాన్ని దాచలేదు. లోపం ఆయన కృతజ్ఞతలో కాదు, పేరు పెట్టే అధికారం మ్యూజియం బల్లముందు కూర్చున్నవారికే ఉండడంలో ఉంది. 1907లో అమెరికన్ జంతుశాస్త్రవేత్త థామస్ బార్బర్‌ను టెర్నేట్‌లో కలుసుకున్న ఒక వృద్ధుడు తన పేరు అలీ వాలెస్ అని చెప్పుకున్నాడట. పక్షే కాదు, దాన్ని తెచ్చిన మనిషి కూడా వాలెస్ పేరునే ధరించాడన్నమాట.

ఇందుకు మినహాయింపులు పాతకాలంలోనూ ఉన్నాయి. న్యూజీలాండ్‌కు చెందిన స్టీఫెన్స్ ద్వీపంలో ఎగరలేని ఒక చిన్న పిట్ట ఉండేది. దాని నమూనాలను సంపాదించినది అక్కడి లైట్‌హౌస్‌లో సహాయకుడిగా ఉన్న డేవిడ్ లయల్. వాటిని అమ్మిపెట్టిన వ్యాపారి హెన్రీ ట్రావర్స్. వాల్టర్ రోత్‌చైల్డ్ 1894లో దానికి పెట్టిన పేరు ట్రావర్సియా లయలై. వ్యాపారికి ప్రజాతి, దీపం కాపలాదారుకు జాతి దక్కాయి. ద్వీపంలోకి వచ్చిన పిల్లుల పాలబడి కొద్ది ఏళ్లలోనే ఆ పిట్ట అంతరించింది. ఆ వర్ణన కోసం సేకరించిన చర్మాలు, ఆ పేరూ మాత్రం మిగిలాయి.

గబ్బిలాల చరిత్రలో ఇంతకన్నా అందమైన వరుస ఒకటుంది. దక్షిణ భారతదేశంలోని హై వేవీ కొండల్లో 1948లో ఆంగస్ హటన్ అనే తోటల అధికారి ఒక పండ్ల గబ్బిలాన్ని పట్టాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సేకరణలో అది సాధారణమైన పొట్టిముక్కు గబ్బిలంగా నమోదై రెండు దశాబ్దాలకు పైగా ఉండిపోయింది. థాయిలాండ్ శాస్త్రవేత్త కిట్టి థోంగ్‌లోంగ్యా దాన్ని పరిశీలించి, అది కొత్త జాతి మాత్రమే కాక కొత్త ప్రజాతి అని గుర్తించి 1972లో లాటిడెన్స్ సలీమాలీ అని పేరు పెట్టాడు. సలీం అలీ అప్పటికి మన దేశపు పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు. 1974లో థోంగ్‌లోంగ్యా మరణించాడు. ఆయన థాయిలాండ్ గుహల్లో సేకరించిన, రెండు గ్రాముల బరువుండే అతిచిన్న గబ్బిలాన్ని అదే ఏడాది లండన్‌లో జాన్ హిల్ కొత్త జాతిగా వర్ణించి, ఆయన జ్ఞాపకార్థం క్రాసియోనిక్టెరిస్ థోంగ్‌లోంగ్యై అన్నాడు. ఒక దేశపు శాస్త్రవేత్త మరో దేశపు పరిశోధకుడిని గౌరవించగా, మూడో దేశపువాడు అతన్ని గౌరవించాడు. వ్యక్తుల పేర్లన్నీ వలసవాద చిహ్నాలేనని ఒక్కమాటలో కొట్టివేసేవారు ఈ వరుసను ఎక్కడ ఉంచుతారో నాకు తెలియదు. ఆ ఆచారాన్ని పూర్తిగా నిషేధిస్తే, ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల పరిశోధకులు తమ గురువులను, తమ అడవిదారి చూపినవారిని గౌరవించుకోగల స్థితికి వచ్చిన తరుణంలోనే తలుపు మూసినట్లవుతుంది. ఇంతకాలం ఆ గౌరవాన్ని అనుభవించినవారు పట్టుకుపోయినది పట్టుకుపోగా, మిగతావారికి నీతి మిగులుతుంది.

కొత్త పేర్ల విషయంలో మనం అడగవలసినది ఇది. ఆ జంతువును ఎరిగినవారెవరు? దానికోసం శ్రమించినవారెవరు? 2006లో అరుణాచల్ ప్రదేశ్‌లోని ఈగల్‌నెస్ట్ అడవులనుంచి ఒక కొత్త పిట్టను వర్ణించిన రమణ ఆత్రేయ దానికి లియోసిక్లా బుగునోరమ్ అని పేరు పెట్టారు. వృత్తిరీత్యా ఆయన ఖగోళ శాస్త్రవేత్త. ఆ పిట్టలు చాలా కొద్దిగా ఉన్నందున ఒక్కదాన్ని కూడా చంపకుండా, ఈకలు, ఛాయాచిత్రాలు, కూతల ఆధారంగానే వర్ణన సాగింది. చివరి ‘ఓరమ్’ బృందానికి చెందినది. ఆ అడవిని కాపాడుకుంటున్న బుగున్ తెగకు ఆ పేరు దక్కింది. మరోవైపు, బొలీవియాలోని మడిది అడవుల్లో కనుగొన్న ఒక కోతికి పేరు పెట్టే హక్కును 2005లో వేలం వేస్తే ఒక ఆన్‌లైన్ జూదశాల ఆరున్నర లక్షల డాలర్లకు కొనుక్కుంది. ఆ సొమ్ము మడిది జాతీయ వనం సంరక్షణకే వెళ్లింది. అయినా లాటిన్‌లో ‘బంగారు ప్రాసాదపు’ అన్న అర్థం వచ్చేలా ఆ జూదశాల పేరును మోస్తున్న కోతిని చూస్తే నాకు మనసొప్పదు. ప్రాథమ్య సూత్రం పుణ్యమా అని ఆ ప్రకటనకు కాలపరిమితి కూడా లేదు. వలసకాలపు సేనానుల పేర్లమీద ఇంత చర్చ జరుగుతున్నప్పుడు, డబ్బుకు దొరికే పేర్ల మీద అందులో సగమైనా ఎందుకు జరగదు? రాజకీయ నాయకుల, సినీతారల పేర్లు పెట్టి వార్తల్లోకి ఎక్కే ధోరణి కూడా ఆ కోవదే. జీవితాంతం జంతువులను కోట్లమందికి చూపించిన డేవిడ్ అటెన్‌బరో పేరు న్యూగినీ ముళ్లపందివంటి ఎకిడ్నాకు పెట్టడంలో ఔచిత్యం ఉంది. ఆ జంతువుతో ఏ సంబంధమూ లేనివారికి పెట్టడంలో ఏ ఔచిత్యమూ లేదు.

ఈ విషయంలో పత్రికలు చేయగలిగినదీ ఉంది. కొత్త జాతిని కనుగొన్నారన్న వార్త వచ్చినప్పుడల్లా, ‘ఫలానా ప్రముఖుడి పేరు పెట్టారు’ అన్న ఒక్క విషయమే శీర్షికకు ఎక్కుతున్నది. ఆ పేరుకు ఆధారమైన మూల నమూనాను ఎక్కడ భద్రపరచారు, దాన్ని పట్టి తెచ్చినవారు ఎవరు, ఆ జంతువుకు ఆ ప్రాంతంలో ముందునుంచీ ఏ పేరుంది అన్న వివరాలు చాలావరకు శాస్త్రవేత్తల మూల వ్యాసంలోనే ఉంటాయి. సేకర్తల పేర్లు, తేదీ, స్థలం నమూనా వివరాల కింద, దారి చూపినవారి పేర్లు వ్యాసం చివర కృతజ్ఞతల్లో దొరుకుతాయి. మీ విలేకరులు ఆ రెండు భాగాలనూ చదివి, అందులోని మనుషులను కూడా వార్తలోకి తీసుకురావాలని, వీలైతే వర్ణించిన శాస్త్రవేత్త పేరును, సంవత్సరాన్ని శాస్త్రీయ నామంతో కలిపి అచ్చువేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు